వాగు ఒడ్డున ఎర్ర గీత

(పాఠశాల స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థుల తరఫున చేసిన ప్రసంగం. అచ్చు కోసం అక్కడక్కడ సరిచేశాను. మైకు ఆగిపోయినప్పుడు అన్న మాటలు తీసేశాను.)



సంఘం కార్యదర్శి గారు నాకిచ్చిన అంశం ‘మన బడి నేర్పిన విలువలు’. పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను ముప్పై ఏళ్లకు పైగా నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేస్తున్నాను. విలువ అంటే నాకు తెలిసింది ఎస్టిమేటులో చివరి గడిలో రూపాయల్లో రాసేది. కాబట్టి విలువల గురించి నేను చెప్పలేను. ఒక దుంగ గురించి, ఒక నోటుపుస్తకం గురించి, ఒక తక్కెడ గురించి చెబుతాను. తక్కెడ సంగతి ఇంతవరకు నేను బయట ఎక్కడా చెప్పలేదు. ఇంట్లో మా ఆవిడకు కూడా నిన్న రాత్రి కారులో వస్తూ చెప్పాను.

ఊరి సంగతి తెలియని కోడళ్లు, అల్లుళ్లు, మనవలు ఈ సభలో చాలామంది ఉన్నారు. వాళ్ల కోసం నాలుగు మాటలు. మీరు వచ్చిన తారు రోడ్డు అప్పుడు లేదు. పాల్వంచ నుంచి భద్రాచలం పోయే బస్సు దిగి, అక్కడి నుంచి బండిబాట పట్టి నడవాలి. గోదావరికి ఇవతల మనది నిజాం రాజ్యం, అవతల భద్రాచలం మద్రాసోళ్లది అని మా తాతలు చెప్పేవారు. 1953లో వరంగల్ నుంచి విడగొట్టి ఖమ్మం జిల్లా చేశారు. భద్రాచలం అప్పటికింకా తూర్పు గోదావరిలోనే ఉంది. 1959లో ఖమ్మంలో కలిపారు. 1965లో వంతెన వచ్చేదాకా రాముడి కల్యాణానికి పోవాలంటే పడవే గతి. ఇప్పుడు మనది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఇన్నిసార్లు జిల్లా పేరు మారింది గానీ, మన వాగు మీద చప్టా మాత్రం మా పిల్లలకు పెళ్లీడు వచ్చాకే వచ్చింది.

ఐదో పంచవర్ష ప్రణాళికలో గిరిజన ప్రాంతాలకు ఐటీడీఏలు వచ్చిన రోజులవి. 1975 జూన్‌లో మన బడి తెరిచారు. తెరిచారు అంటే తలుపు తీశారని కాదు, తలుపు లేదు. గూడెం పెద్ద ఇప్పచెట్టు కింద జాగా ఇచ్చాడు, ఊళ్లో వాళ్లు వాసాలు, తాటాకు తెచ్చి పాక వేశారు. ఒక ఉపాధ్యాయుడు, ఐదు తరగతులు, ఒక నల్లబల్ల. ఆయన పేరు మీకందరికీ తెలుసు. నేను అలవాటు ప్రకారం పెద్ద సారు అనే అంటాను. చిన్న సారు ఎవరూ లేరు. అయినా ఆయన మొదటి రోజు నుంచే పెద్ద సారు.

అప్పట్లో మన వైపు పోస్టింగు వస్తే చాలామంది పాల్వంచలోనో కొత్తగూడెంలోనో ఇల్లు తీసుకుని, వీలైనప్పుడు వచ్చిపోయేవారు. వాళ్లను తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. మలేరియా అంటే ఏమిటో ఆ రోజుల్లో ఇక్కడ వానాకాలం గడిపినవాళ్లకే తెలుస్తుంది. కోస్తా నుంచి వచ్చిన పెద్ద సారు రెండో వారానికే జ్వరంతో పడ్డారు. లేచాక చేసిన మొదటి పని, అమ్మగారిని కూడా ఇక్కడికే తీసుకురావడం. అమ్మగారూ, అప్పుడు మీరు ఏమనుకున్నారో నాకు తెలియదు. ఇవాళ అడుగుదామంటే ధైర్యం చాలడం లేదు.

ఇక దుంగ సంగతి.

మన బడి పిల్లల్లో సగం మంది వాగు అవతలి గూడెం వాళ్లు. ఎండాకాలం ఆ వాగులో పాదం కూడా తడవదు. వానాకాలం మాత్రం పైన అడవిలో ఎక్కడో కురిసిన వాన ఇక్కడ ఎండ కాస్తుండగా వచ్చిపడుతుంది. మొదటి ఏడాదే జూలైలో ఒక సాయంత్రం, అన్నాదమ్ములు ఇద్దరు చేతులు పట్టుకుని దాటుతుంటే చిన్నవాడి కాళ్లు తేలిపోయాయి. చేపల కోసం వల వేసిన ఒకాయన పట్టుకోబట్టి బతికాడు. మర్నాడు సారు బడి చెప్పలేదు. పెద్ద పిల్లల్ని వెంటబెట్టుకుని పోయి, ఒక నల్లమద్ది దుంగ తెచ్చి, వాగు ఒడ్డున నాటించారు. దాని మీద రెండు గీతలు గీశారు. కింద తెల్ల గీత. దాని పైన జానెడు ఎత్తులో ఎర్ర గీత. నీళ్లు తెల్ల గీతకు వస్తే ఏ పాఠం మధ్యలో ఉన్నా బడి ఆపి అవతలి పిల్లల్ని తానే దగ్గరుండి దాటించేవారు. ఎర్ర గీతకు వస్తే ఎవరూ దాటకూడదు. ఆ రాత్రి బడిలోనే పడక.

గంటకొకసారి దుంగ చూసి వచ్చే పని వంతులవారీగా మాకే. వచ్చి నల్లబల్ల మూల మీద రాయాలి: గంట ఎంత, నీళ్లు ఎక్కడ. అదీ నేను చేసిన మొదటి గేజి రీడింగు. తర్వాత వరంగల్ ఆర్.ఇ.సి.లో నాలుగేళ్లు చదివి, ఉద్యోగంలో చేరి, భద్రాచలం దగ్గర గోదావరికి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని నేర్చుకున్నప్పుడు నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. తెల్ల గీత, ఎర్ర గీత. మధ్యలో ఇంకొకటి పెట్టారు, అంతే.

ఎర్ర గీత రోజుల్లో ఏం జరిగేదో చెప్పాలి. పది, పదిహేను మంది పిల్లలం ఆగిపోయేవాళ్లం. నాది ఇవతలి ఊరే అయినా అబద్ధమాడి ఆగిపోయేవాణ్ని. అమ్మగారు తమ ఇంట్లో ఉన్న బియ్యం, పప్పు కలిపి వండేవారు. నెలాఖరులో అయితే జొన్న గటక, చింతపండు చారు. సారు ఒక పొడుగాటి వెదురుకి కందిలి కట్టి ఇప్పచెట్టు మీదికి ఎత్తేవారు. కందిలి వెలిగితే పిల్లలు బడిలో ఉన్నారని అవతలివాళ్లకు గుర్తు. కాసేపటికి వాగు అవతల నుంచి ఎవరో కాగడా పైకెత్తి ఊపేవారు. చూశాం, పడుకోండి అని దాని అర్థం. ఆ కాగడా కనబడేదాకా సారు అన్నం తినేవారు కాదు. ఒక రాత్రి అవతల వాన ఎక్కువై కాగడా వెలగలేదు. ఆ రాత్రి సంగతి మీకు అమ్మగారు చెబితేనే బాగుంటుంది.

నోటుపుస్తకం సంగతికి వస్తాను.

కోయ మాటలో నీళ్లను ‘ఏరు’ అంటారు. ఇక్కడ సగం మందికి ఇది పుట్టుకతో తెలుసు. మిగతా సగానికి ఏరు అంటే పారే ఏరు. మొదటి ఏడాది వానాకాలంలో ఒకటో తరగతి పిల్లవాడు ఒకడు జ్వరంతో వణుకుతూ గోడవార పడుకుని ‘ఏరు, ఏరు’ అంటున్నాడు. సారుకు కోయ రాదు. వాడు వాగు దగ్గరికి పోతానంటున్నాడని అనుకుని, వద్దు నాయనా, వాగు నిండుగా ఉంది, పడుకో అని నచ్చజెబుతున్నారు. వాడు అడుగుతూనే ఉన్నాడు. ఈయన బుజ్జగిస్తూనే ఉన్నారు. పక్కన కూర్చున్న మాకు వాడు ఏం అడుగుతున్నాడో తెలుసు. సారుకు ఎదురు చెప్పకూడదని నోరు మూసుకున్నాం. ఉప్మా పొయ్యి దగ్గర్నుంచి వంటామె విని, కుండలోంచి ముంతతో నీళ్లు ముంచుకుని పరుగెత్తుకొచ్చి వాడి నోట్లో పోసింది. ఆ ముంతెడు నీళ్లు వాడు ఆగకుండా తాగాడు.

సారు మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆయన ఆ పూట ఇక ఏమీ చెప్పలేదు. సాయంత్రం వంటామె ముందు ఒక నోటుపుస్తకం పట్టుకుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. నాకు నేర్పు అన్నారు. ఆమె సిగ్గుతో నవ్వింది. పంతులుకు నేను చదువు చెప్పడమేంటి అంది. అయినా చెప్పింది. ఆకలి, నొప్పి, భయం, అమ్మ, ఇంటికి పోతా, కడుపులో తిప్పుతోంది. సారు మొదట నేర్చుకున్న మాటలు ఇవి. లెక్కలు, అంకెలు ఆ తర్వాత. మూడో ఏడు వచ్చేసరికి ఒకటో తరగతి పిల్లలకు దసరా దాకా కోయలోనే చెప్పి, మెల్లగా తెలుగులోకి తెచ్చేవారు. కోయ రాని నాబోటివాళ్లం కూడా ఆ పాఠాల్లో కూర్చోవలసిందే. నాకు వచ్చిన కాస్త కోయ అలా వచ్చిందే.

ఇదేదో సారు ఒక్కరికే తట్టిన ఆలోచన అని నేను చాలాకాలం అనుకున్నాను. తర్వాత చదివితే తెలిసింది. 1943లోనే, నిజాం కాలంలో, ఆదిలాబాద్ మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ ఇప్పించి, గోండిలో వాచకాలు వేయించి బడులు పెట్టించాడు. నిజాం రాజ్యం పోయాక గోండి చదువు వెనకబడిపోయింది. మళ్లీ 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో, వాటిలో మన కోయ కూడా ఉంది, తెలుగు లిపిలోనే ఒకటో తరగతి పుస్తకాలు వేశారు. 2009 విద్యాహక్కు చట్టం కూడా వీలైనంత మేరకు పిల్లల ఇంటి భాషలోనే చెప్పాలని అంటుంది. ఇవి రావడం, కొన్నాళ్లు నడవడం, మూలపడటం మనం చూస్తూనే ఉన్నాం. సారు దగ్గర జీవో లేదు, పుస్తకం లేదు. వంటామె ఉంది. ఆమెకు ఉపాధ్యాయ దినోత్సవం నాడు ఎవరూ శాలువా కప్పలేదు. కప్పుదామంటే ఇప్పుడు ఆమె లేదు. ఆమె మనవడు ఇవాళ మీ అందరికీ భోజనాలు వడ్డిస్తున్నాడు, గమనించండి.

ఆ ఉప్మా గురించి ఎవరూ మాట్లాడకపోతే ఈ సభకు అర్థం లేదు. కేర్ వాళ్ల గోధుమ రవ్వ, డబ్బా నూనె. పసుపు వేసి పెద్ద ఇనప మూకుడులో కలిపేవారు. మోదుగాకు డొప్పల్లో పెట్టేవారు. దూరం నుంచి నడిచొచ్చినవాళ్లకు ముందు పెట్టాలని సారు నియమం. నేను ఎప్పుడూ చివరివాణ్నే. అడుగంటిన మాడు నాకే వచ్చేది. ఇప్పుడు ఏ హోటల్లో ఎంత పెట్టి కొన్నా ఆ మాడు దొరకడం లేదు.

ఇప్పపూల కాలం కూడా చెప్పేస్తాను. పూలు తెల్లవారుజామున రాలతాయి, ఎండ ఎక్కకముందే ఏరాలి, పశువులు తినకముందే ఏరాలి. అంటే ఒంటిపూట బడి గంట కొట్టే వేళకు పిల్లలందరూ చెట్ల కింద ఉంటారు. సారు గంట ఆలస్యంగా కొట్టేవారు. ఒకరోజు తనిఖీకి వచ్చిన అధికారి పొద్దున్నే దిగారు. పాకలో పురుగు లేదు. సారు ఏమాత్రం తడబడకుండా హాజరు పట్టీ చంకన పెట్టుకుని, ఆయన్ని అడవిలోకి తీసుకుపోయి, ఒక్కో చెట్టు కింద ఆగి పేరు పిలిచారు. మేం బుట్టలు పట్టుకునే ‘హాజరు సార్’ అన్నాం. వచ్చినాయన పట్టీలో సంతకం పెట్టారు. సారుకు మెమో కూడా ఇచ్చారు. వెళ్లేముందు గుప్పెడు పూలు తిని, బాగున్నాయే అన్నారు.

ఇప్పుడు తక్కెడ.

మా నాన్న ఊళ్లో కిరాణా కొట్టు నడిపేవాడు. ఉప్పు, కిరసనాయిలు, పొగాకు, బట్టలు అమ్మేవాడు. ఇప్పపువ్వు, చింతపండు, కరక్కాయ కొనేవాడు. గిరిజన సహకార సంస్థ 1956లోనే వచ్చినా, దాని డిపో మనకు దూరం. నెత్తిన బుట్టతో అంతదూరం ఎవరు పోతారు? మా కొట్టుకే వచ్చేవారు. మా ఇల్లు ఆ కొట్టుతోనే నడిచింది, నా చదువు ఆ కొట్టుతోనే నడిచింది. ఇది ముందు చెప్పి తర్వాత మాట్లాడటం న్యాయం.

నేను నాలుగో తరగతిలో ఉండగా సారు తూకాల పాఠం చెప్పారు. మెట్రిక్ తూకాల చట్టం వచ్చి అప్పటికి ఇరవై ఏళ్లు దాటినా మన ఊళ్లో ఇంకా శేరు, సోల, గిద్దే నడుస్తున్నాయి. సారు డిపోకు పోయి, ప్రభుత్వ ముద్ర ఉన్న కిలో రాయి ఒక్కరోజుకు అడిగి తెచ్చారు. వెదురు బద్దకు రెండు డబ్బా మూతలు కట్టి తక్కెడ చేశారు. వాగులోంచి గులకరాళ్లు ఏరించి, ముద్ర రాయికి సరితూగినవాటికి, దుంగకు వేయగా మిగిలిన ఎర్ర రంగుతో గుర్తు పెట్టించారు. అలా బడికి సొంత కిలో రాళ్లు వచ్చాయి. ఆఖర్న ఒక మాట చెప్పారు: తక్కెడ నిజం చెబుతోందో లేదో తెలియాలంటే, ఒకసారి తూచి, సరుకుని, రాళ్లని అటూ ఇటూ మార్చి మళ్లీ తూచండి. రెండుసార్లూ ఒకటే వస్తే మంచి తక్కెడ. ఇంటి దగ్గర ఏ తక్కెడ దొరికితే దాన్ని అలా పరీక్ష చేసి రాసుకురండి.

ఊళ్లో ఎక్కువ ఇళ్లల్లో తక్కెడలే లేవు. మా ఇంట్లో ఉంది. మధ్యాహ్నం నాన్న పడుకున్నప్పుడు చింతపండు తూచాను. అటు మార్చి మళ్లీ తూచాను. ఒకటి రాలేదు. మూడోసారి తూచాను. కాడకు మధ్యలో ఉండాల్సిన కొక్కెం మధ్యలో లేదు. వేలెడంత పక్కకు ఉంది. కంటికి తెలియదు. నాకు తొమ్మిదేళ్లు. అర్థం కావడానికి తొమ్మిదేళ్లు చాలు.

మర్నాడు పలక మీద ‘2 కిలోలు, 2 కిలోలు’ అని రాసుకుపోయాను. సారు చూశారు. నా మొహం చూశారు. సరే అని టిక్కు పెట్టారు.

వారం తిరగకుండా మా తరగతి అమ్మాయి ఒకామె, మూడో వరుసలో కూర్చునేది, వాళ్లమ్మ ఎండబెట్టిన ఇప్పపువ్వు బడికి తెచ్చి, ఎర్ర రాళ్లతో తూచుకుంది. నాలుగు కిలోలు. అక్కడి నుంచి తల్లితో మా కొట్టుకు వచ్చింది. నేను గల్లాపెట్టె పక్కన కూర్చుని ఉన్నాను. నాన్న తూచి మూడున్నర అన్నాడు. ఆ పిల్ల, మోకాళ్ల దాకా లేని గౌనుతో, అటు మార్చి తూచు షావుకారూ అంది. నాన్న నవ్వాడు. ఆమె మళ్లీ అంది. కొట్టు ముందు ఇంకో నలుగురు ఉన్నారు. నాన్న మార్చి తూచక తప్పలేదు. నాలుగున్నర దాటింది.

ఇంజనీరింగులో చదివాక తెలిసింది. అలాంటి తక్కెడలో రెండు తూకాలనూ గుణించి వర్గమూలం తీస్తే అసలు బరువు వస్తుంది. సరిగ్గా నాలుగు కిలోలు. ఆ పిల్ల లెక్క సరైనదే.

ఆ సాయంత్రం నాన్న బడికి పోయాడు, ఊగిపోతూ. పిల్లలకు చదువు చెప్పమంటే వ్యాపారాలు కూలుస్తావా అని. నేను వెనకాలే పోయి తడిక చాటున నిలబడ్డాను. సారు లేచి, తన కుర్చీ ఆయనకు వేసి, మంచినీళ్లు ఇచ్చారు. ఆయన అరిచినంతసేపూ విన్నారు. తర్వాత అన్నది ఇంతే: “షావుకారు గారూ, ఆ అమ్మాయి కంటే వారం ముందే మీ అబ్బాయికి తెలుసు. వాడు నాకు చెప్పలేదు, మీకూ చెప్పలేదు. వాడు ఎన్నాళ్లు మోస్తాడో ఆలోచించండి.” నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. నీళ్లు తాగి ఇంటికి వచ్చాడు. నన్ను కొట్టలేదు, పిలవలేదు. కొన్నాళ్లకు కొత్తగూడెం నుంచి ముద్ర ఉన్న కొత్త తక్కెడ వచ్చింది. పాతది గోడౌనులో చాలా ఏళ్లు వేలాడింది. ఆయన పోయేదాకా మేమిద్దరం దాని గురించి ఒక్క మాట కూడా అనుకోలేదు.

నేను ఉద్యోగంలో చేరాక ఒకసారి సారుని అడిగాను, నా పలక మీద తప్పుడు లెక్కకు టిక్కు ఎందుకు పెట్టారని. “తప్పు మీ నాన్నది. దిద్దితే నీ పలక మీద దిద్దాలి. అది నాకు బాగాలేదు” అన్నారు. ఆ తర్వాత నేనెప్పుడూ దొంగ రీడింగు రాయలేదని ఈ మైకు ముందు చెప్పుకోవాలని ఉంది. కానీ ఉద్యోగంలో ఒకసారి రాయబోయాను. పెన్ను మూత కూడా తీశాను. అంతవరకే చెప్పగలను.

ఆ అమ్మాయి ఇవాళ ఈ సభలోనే ఉన్నారు. అంగన్‌వాడీలో పాతికేళ్లు పనిచేశారు. పేరు చెప్పొద్దన్నారు. పొద్దున టీ తాగేటప్పుడు ఈ కథ చెప్పుకోవడానికి అనుమతి అడిగితే, చెప్పు గానీ ఆ గౌను సంగతి చెప్పకు అన్నారు. ఆ ఒక్కటీ తప్పాను, క్షమించాలి.

1986 ఆగస్టు చాలామందికి గుర్తుండే ఉంటుంది. 16వ తేదీన భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు. ఇప్పటికీ దాన్ని మించింది రాలేదు. 2022 జూలైలో వచ్చింది 71.3. కిన్నెరసాని వెనక్కి తన్ని బూర్గంపాడు వైపు ఊళ్లు మునిగితే, ఎత్తున ఉంది కదా అని మన బడికి వచ్చారు జనం. అప్పటికి పెంకుల గదులు రెండు వచ్చాయి. నాకు పదిహేడేళ్లు, సెలవు పెట్టి వచ్చాను. సారు మళ్లీ వెదురుకి కందిలి కట్టారు. పొయ్యిలు ఎనిమిది వెలిగాయి. బియ్యం అయిపోయిన రోజు పొద్దున మా నాన్న బండి మీద నాలుగు బస్తాలు వేసుకుని వచ్చి, దించి, మాట్లాడకుండా పోయాడు. ఖాతా పుస్తకంలో మాత్రం రాశాడు. బడి పేరున, నాలుగు బస్తాలు, బాకీ. ఆ పుస్తకం నా దగ్గరుంది. బాకీ ఎప్పుడూ వసూలు చేయలేదు, కొట్టేయనూ లేదు.

పది నిమిషాలు ఎప్పుడో దాటాయి. కార్యదర్శి గారు రెండుసార్లు గడియారం చూశారు. అసలు విషయానికి వస్తాను. దీనికి ఆయన నన్ను తిట్టినా ఫరవాలేదు.

సంఘం పోగుచేసిన డబ్బుతో బడి ముందు స్వాగత తోరణం కట్టాలని తీర్మానించారు. డిజైను నన్నే గీయమన్నారు. గీశాను, ఇదిగో జేబులో ఉంది. బాగానే ఉంది, నా పనిని నేనే పొగుడుకోకూడదు. అయితే మొన్న జూన్‌లో కొలతలకు వచ్చినప్పుడు రెండు గంటలు బడిలో కూర్చున్నాను. మీ పిల్లలు, నా పిల్లలు ఈ బడిలో చదవలేదు. ఊళ్లోకి పసుపు రంగు బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. మిగిలింది ఇరవై మంది లోపు. వాళ్లలో ఎక్కువమంది వాగు అవతల అడవిలో ఉంటున్న గొత్తికోయల పిల్లలు. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో ప్రాణాలకు భయపడి గోదావరి దాటి వచ్చినవాళ్ల మనవలు. టీచరమ్మ గారు మంచివారు, కష్టపడతారు. ఆమెకు వాళ్ల మాట రాదు. ఒకటో తరగతి పిల్ల ఒకతి కిటికీ దగ్గర కూర్చుని ఏదో అడిగింది. టీచరమ్మ తెలుగులో జవాబు చెప్పారు. ఆ పిల్ల మళ్లీ అదే అడిగింది. నాకు వచ్చిన కాస్త కోయతో విన్నాను. నీళ్లు అడుగుతోంది.

యాభై ఏళ్ల కింద జరిగిందే నా కళ్లముందు మళ్లీ జరిగింది. ఈసారి పరుగెత్తుకొచ్చే వంటామె లేదు.

తోరణం డబ్బు బ్యాంకులో వేస్తే, వచ్చే వడ్డీకి సభ్యులు నెలకు తలా కొంత కలిపితే, అవతలి గూడెంలో ఇంటర్ చదివిన అమ్మాయిని ఒకరిని గౌరవ వేతనంతో బడిలో పెట్టుకోవచ్చు. అసలు రాళ్లల్లో పోయకుండా అలాగే ఉంటుంది. లెక్క వేసుకొచ్చాను, కార్యదర్శి గారికి ఇస్తాను. తప్పులుంటే అటూ ఇటూ మార్చి తూచండి. తోరణమే కావాలని సభ అంటే దగ్గరుండి నేనే కట్టిస్తాను, మాట తప్పను. కానీ నా వాటా నాలుగు బస్తాల బియ్యం డబ్బు, ఇవాళ్టి ధరకు, మా నాన్న ఖాతా కింద ఆ అమ్మాయి జీతానికే ఇస్తున్నాను.

ఇంకొక్క సంగతి, కూర్చుంటాను. పాత దుంగ 2022 వరదలో కొట్టుకుపోయింది. చప్టా ఉంది కదా అనుకోకండి. చప్టా మీద నీళ్లు పారుతున్నప్పుడే మనుషులు దాటబోయి పోతారు, నా ఉద్యోగంలో అలాంటివి చాలా చూశాను. కొత్త దుంగ వచ్చింది, బడి వెనక ఉంది. ఎర్ర రంగు డబ్బా నా కారులో ఉంది. గీత ఎక్కడ గీయాలన్నది నా ఇంజనీరింగు లెక్క కాదు, సారు లెక్కే. ఏటా జూన్‌లో బడిలో అందరికంటే పొట్టి పిల్లను చప్టా జాగాలో నిలబెట్టి, ఆ పిల్ల మోకాలు ఎక్కడికి వస్తే అక్కడ ఎర్ర గీత గీసేవారు. ఈ ఏడాది పొట్టి పిల్ల ఎవరో టీచరమ్మ గారు చెప్పారు. ఆ కిటికీ దగ్గర పిల్లే. వాళ్లమ్మ అదిగో, చెట్టు కింద నిలబడి ఉన్నారు. అమ్మా, రేపు పొద్దున ఏడు గంటలకు పాపను వాగు దగ్గరికి తీసుకురావాలి. నా మాట అర్థం కాకపోతే పక్కనున్న మా అంగన్‌వాడీ అక్క చెబుతారు.